మూడేళ్లలోపు పౌరులు

దుర్గ్ నుంచి కట్నీ వైపు సాగే కొన్ని రైళ్లు బిలాస్‌పూర్ జంక్షన్‌లోకి పోవు. అక్కడికి వెళితే ఇంజను విప్పి రెండో కొసకు తగిలించాలి. అందుకని అవి నగరం అంచున ఉన్న ఉస్లాపూర్‌లో ఆగి, అక్కడి నుంచే పెండ్రా కొండల దారి పడతాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఈ ప్రాంతానికి తెలుగువారితో బంధం ఉంది. పట్టాల వెంట పని వెతుక్కుంటూ వచ్చిన మనవాళ్లు ఖరగ్‌పూర్‌లో లాగే ఇక్కడా తరాలుగా స్థిరపడ్డారు. రైల్వే కాలనీ అంటే క్వార్టర్సు, ఆసుపత్రి, బడి, ఆటస్థలం. ఉద్యోగంతో పాటు సంక్షేమం కూడా వచ్చింది. ఉద్యోగి బిడ్డ యజమాని లెక్కలోకి ఎక్కాడు.

పట్టాలు దాటి పల్లెల్లోకి వెళితే ఆ లెక్క ఆగిపోతుంది. బిలాస్‌పూర్‌కు ఇరవై కిలోమీటర్ల దూరంలో గనియారీ అనే గ్రామం ఉంది. దానికి ఆవల అచానక్‌మార్ అడవి అంచు పల్లెలు. అక్కడ తల్లి వరి పొలంలోనో, ఇప్పచెట్టు కిందో, తునికాకు కోతలోనో ఉంటుంది. ఆమెకు యజమాని లేడు. కనుక ఆమె బిడ్డకు సంరక్షణ కేంద్రమూ లేదు. ఆ పల్లెల్లో రెండు దశాబ్దాల కిందట కొందరు డాక్టర్లు, గ్రామీణ స్త్రీలు కలిసి 'ఫుల్వారీ' అనే చిన్న ఏర్పాటు మొదలుపెట్టారు. ఫుల్వారీ అంటే పూలతోట. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలను పగలంతా చూసుకునే చోటు అది. దేశ రాజకీయాలను ఇరవై ఏళ్లకు పైగా రాస్తున్న నాకు, పోషకాహారం పేరిట మనం చేసిన వాదోపవాదాలన్నిటికంటే ఈ పూలతోట అడిగిన ప్రశ్న సూటిగా కనిపిస్తుంది. పసిబిడ్డకు ఏం పెట్టాలన్నది మనం ఏడు దశాబ్దాలుగా చర్చిస్తున్నాం. ఎవరు పెట్టాలి, తల్లి పనిలో ఉన్న ఆ ఎనిమిది గంటలూ ఎవరి చేతులతో పెట్టాలి అన్నది మాత్రం దాటవేస్తూ వచ్చాం. ఆ దాటవేత చరిత్రే ఈ వ్యాసం.

ఈ చరిత్రను ఒక తెలుగు మహిళతో మొదలుపెట్టడం న్యాయం. రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. ఆ మరుసటి ఏడాది నుంచే మండలి సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు ప్రారంభించింది. ఒక్కో ప్రాజెక్టు కిందికి సుమారు 25 గ్రామాలు వచ్చేవి. బాల్వాడీ, ప్రసూతి సేవ, స్త్రీలకు చేతిపని శిక్షణ, వయోజన విద్య ఒకే గొడుగు కింద నడవాలన్నది ఆలోచన. బిడ్డ ఆరోగ్యాన్ని తల్లి పని నుంచి, తల్లి చదువు నుంచి విడదీయలేమన్న గ్రహింపు అందులో ఉంది. మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టిన అనుభవం ఆమెకు నేర్పిన పాఠం అదే. అయితే ఈ పనిభారం ఎక్కువగా స్వచ్ఛంద సంస్థల మీద, సేవాభావం మీద పడింది. రాజ్యం గ్రాంటు ఇచ్చి పక్కకు తప్పుకుంది.

'అంగన్‌వాడీ' అన్న మాట కూడా ప్రభుత్వం పుట్టించినది కాదు. తారాబాయి మోదక్ 1945లో బొంబాయికి ఉత్తరాన బోర్డీ గ్రామంలో పేదల పిల్లల కోసం బాలశిక్షణ మొదలుపెట్టారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకువెళ్లారు. అంగన్ అంటే వాకిలి, ప్రాంగణం. ఆ మాటలో ఇంటికీ బడికీ నడుమ గోడ లేదు. తరువాత అది ప్రభుత్వ బోర్డు మీది పేరుగా మారింది. మాట మిగిలింది గానీ, వాకిలి ఎక్కడికి పోయిందో చెప్పడం కష్టం.

1972లో మీనా స్వామినాథన్ నేతృత్వంలోని అధ్యయన బృందం బడి ఈడుకు ముందున్న పిల్లల గురించి కేంద్రానికి నివేదిక ఇచ్చింది. ఆహారం, ఆరోగ్యం, ఆట, చదువు కలిపి చూడాలని చెప్పిన ఆ ఆలోచన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకానికి, అంటే ఐసీడీఎస్‌కు, దారి వేసింది. 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో ఆ పథకం మొదలైంది. ఆ తేదీని గమనించండి. దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది. పౌరుల హక్కులు సస్పెండయిన రోజుల్లో, ఇంకా నడక కూడా రాని పౌరులకు ఒక పథకం పుట్టింది. అది హక్కుగా పుట్టలేదు, పాలకుల దయగా పుట్టింది. హక్కు అనిపించుకోవడానికి దానికి మరో పాతికేళ్లు, సుప్రీంకోర్టు గడప కావలసి వచ్చాయి.

ఐసీడీఎస్ రూపకల్పనలోనే ఒక ఖాళీ ఉంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు కేంద్రానికి నడిచి వస్తారు, కూర్చుంటారు, తింటారు, పాట పాడతారు. మూడేళ్ల లోపు బిడ్డ నడిచి రాలేడు. ఎవరో ఎత్తుకు రావాలి. తినిపించాలి, కడగాలి, నిద్రపుచ్చాలి. అంగన్‌వాడీలో ఉన్నది ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు. తెరిచి ఉండేది పగటిపూట కొన్ని గంటలే. తల్లి పొలం నుంచి తిరిగి వచ్చేసరికి తలుపు మూసి ఉంటుంది. కనుక మూడేళ్ల లోపువారికి పథకం ఇచ్చిన జవాబు ఒకటే, ఇంటికి పట్టుకుపోయే పొట్లం. ఆ పొట్లం ఇంట్లో ఎవరు కలుపుతారు, ఎవరు తినిపిస్తారు అన్నది పథకం పరిధిలోకి రాని విషయం.

ఇక్కడ శాస్త్రం ఏం చెప్పిందో చూడాలి. ఆ శాస్త్రంలో మంచి భాగం మన హైదరాబాద్‌లోనే తయారైంది. కూనూరు నుంచి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. పేద దేశాల పిల్లలకు ప్రొటీన్ చాలడం లేదు, కనుక ప్రత్యేకమైన ప్రొటీన్ పిండ్లు తయారు చేసి పంచాలి అని ప్రపంచమంతా నమ్ముతున్న రోజులవి. సి. గోపాలన్, ఆయన సహచరులు ఆ నమ్మకాన్ని ప్రశ్నించారు. మన పిల్లలకు ముందుగా చాలనిది తిండే, ఇంట్లో పెద్దలు తినే తిండినే కడుపు నిండా తినగలిగితే ప్రొటీన్ కొరత చాలావరకు తీరుతుంది అన్నారు. ఆ సంస్థ పోషకాహార లోపం ఉన్న పిల్లల కోసం రూపొందించిన 'హైదరాబాద్ మిక్స్' చూడండి. వేయించిన గోధుమలు, వేయించిన శనగపప్పు, వేరుశనగపప్పు, బెల్లం. అంతే. ఊళ్లో తిరగలి, పొయ్యి ఉన్న ఏ ఇంట్లోనైనా తయారు చేసుకోదగిన పిండి అది. దానికి కార్పొరేషన్ అక్కరలేదు, టెండరు అక్కరలేదు.

అదే శాస్త్రం చెప్పిన రెండో మాటను మాత్రం మనం వినలేదు. ఏడాది బిడ్డ పొట్ట చిన్నది. పల్చటి జావతో అది తొందరగా నిండిపోతుంది, శక్తి మాత్రం చాలదు. చిక్కటి తిండి, కాస్త నూనె వేసినది, కొద్దికొద్దిగా, రోజుకు నాలుగైదుసార్లు తినిపించాలి. మన అమ్మమ్మలకు ఇది తెలియని సంగతి కాదు. గోరుముద్దలు అన్న మాటలోనే ఆ పరిమాణమూ, ఆ ఓపికా ఉన్నాయి. చందమామను చూపించి పెట్టే అన్నానికి వంటకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయం ఎవరి దగ్గర ఉంది? తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లిన తల్లి దగ్గర లేదు. ఇంట్లో మిగిలేది ఎనిమిదేళ్ల అక్క. చెల్లిని చంకన వేసుకున్న ఆ అక్క ఆ రోజు బడికి పోదు. ఒక బిడ్డ బరువు తగ్గడం, మరో బిడ్డ చదువు ఆగడం ఒకే ఇంట్లో, ఒకే కారణంతో జరుగుతాయి. మన లెక్కల్లో అవి రెండు వేరువేరు మంత్రిత్వ శాఖల సమస్యలు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో ఆరు నుంచి 23 నెలల వయసు పిల్లల్లో కనీస ప్రమాణాలకు తగిన ఆహారం అందుతున్నవారు 11.3 శాతం. ప్రతి తొమ్మిది మందిలో ఒక్కరు. దీన్ని కేవలం పేదరికంతో వివరించలేం. తిండి గింజలు ఇంటికి చేర్చే వ్యవస్థ ఈ దేశంలో ఉంది. ఛత్తీస్‌గఢ్ రేషన్ వ్యవస్థ అయితే ఒక దశలో దేశానికే ఆదర్శంగా చెప్పుకున్నది. ఇంట్లో బియ్యం ఉన్నాయి, బిడ్డ నోటికి చేరడం లేదు. ఆ చివరి జానెడు దూరమే అసలు సమస్య.

ఆ దూరాన్ని చట్టం ఎలా చూసింది? 1948 ఫ్యాక్టరీల చట్టం 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలన్నది. 1976 సవరణ ఆ సంఖ్యను 30కి తగ్గించింది. 1951 ప్లాంటేషన్ల చట్టం తేయాకు తోటలకు, 1966 నిబంధనలు గనులకు ఇలాంటి ఏర్పాటే చేశాయి. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణ 50 మంది ఉద్యోగులున్న సంస్థలన్నిటికీ దాన్ని వర్తింపజేసింది. మంచివే. కానీ వీటన్నిటి వెనకా ఒక ఊహ ఉంది. స్త్రీకి ఒక యజమాని ఉంటాడు, ఒక గేటు ఉంటుంది, ఒక హాజరు పట్టీ ఉంటుంది అని. ఈ దేశంలో శ్రమించే స్త్రీలలో అత్యధికులకు ఆ మూడూ లేవు. నిర్మాణ స్థలాల్లోని పిల్లల కోసం మీరా మహాదేవన్ 1969లో ఢిల్లీలో 'మొబైల్ క్రెషెస్' మొదలుపెట్టింది ఈ ఖాళీని కళ్లారా చూసే. 2005 ఉపాధి హామీ చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. పని చోటికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకు మించి వస్తే, వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించి కూలి చెల్లించాలని చెప్పింది. పిల్లల్ని చూసుకోవడం కూడా కూలి ఇవ్వవలసిన పనే అని ఒక కేంద్ర చట్టం ఒప్పుకున్న అరుదైన చోటు అది. ఆ నిబంధన క్షేత్రంలో ఎంత అమలైందో గ్రామాలు తిరిగే పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

న్యాయస్థానం వైపు చూద్దాం. 2001లో పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ సేవలను ప్రతి జనావాసానికీ విస్తరించాలని ఆదేశించింది. ఉత్తర్వుల అమలును పర్యవేక్షించడానికి 2002లో కమిషనర్లుగా ఎన్.సి. సక్సేనాను, మన రాష్ట్రంలో పేదల ఐఏఎస్‌గా పేరు పొందిన ఎస్.ఆర్. శంకరన్‌ను నియమించింది. 2004 అక్టోబర్‌లో మరో ముఖ్యమైన మాట చెప్పింది. అంగన్‌వాడీ ఆహార సరఫరాలో కాంట్రాక్టర్లు ఉండకూడదు, గ్రామ సమాజాలకు, స్వయం సహాయక సంఘాలకు, మహిళా మండళ్లకు ఆ పని ఇవ్వాలి అన్నది. పసిపిల్లల తిండి ఒక పెద్ద వ్యాపారమని, దానికి రాజకీయ దన్ను ఉందని గుర్తించిన ఉత్తర్వు అది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ఈ హక్కును శాసనంలోకి తెచ్చింది. అయినా మూడేళ్ల లోపు బిడ్డకు ఆ చట్టం రాసిపెట్టింది ఇంటికి తీసుకుపోయే రేషనే. 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్. కేలరీలు చట్టంలో ఉన్నాయి, తినిపించే చెయ్యి లేదు. ఆ కేలరీల వెల 2017లో సవరించిన లెక్క ప్రకారం రోజుకు ఎనిమిది రూపాయలు.

పొట్లం చుట్టూ నడిచే రాజకీయం ఎలాంటిదో బిలాస్‌పూర్‌కు బాగా తెలుసు. ఛత్తీస్‌గఢ్‌లో ఏళ్లపాటు మహిళా సంఘాలే ఈ పోషక పిండిని తయారు చేసి అంగన్‌వాడీలకు ఇచ్చేవి. 2021 చివర్లో అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం తయారీ పనిని వారి నుంచి తీసి రాష్ట్ర విత్తన, వ్యవసాయాభివృద్ధి సంస్థకు అప్పగించాలని నిర్ణయించింది. నాణ్యత, పరిశుభ్రత కారణాలుగా చూపింది. వేలాది స్త్రీల ఉపాధికి దెబ్బ తగిలింది. సంఘాలు బిలాస్‌పూర్‌లోని హైకోర్టు తలుపు తట్టాయి, ఊరట దక్కలేదు. తరువాత వచ్చిన బీజేపీ ప్రభుత్వం ఈ పనిని తిరిగి మహిళా సంఘాలకు ఇస్తామని ప్రకటించింది. రెండు పార్టీలూ ఈ వివాదంలో గట్టిగానే మాట్లాడాయి. పొట్లం ఎవరు తయారు చేయాలన్నదే రెండింటి వాదన. పొట్లం చాలదన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఆ మాట గనియారీ వైపు నుంచి వచ్చింది. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడిన రోజుల్లోనే, ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు డాక్టర్లు అక్కడ జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రిని నెలకొల్పారు. యోగేశ్ జైన్, రమణ్ కటారియా వంటివారు అందులో ఉన్నారు. నీటిపారుదల శాఖ వదిలేసిన భవనాల్లో మొదలైన ఆసుపత్రి అది. క్షయ, మలేరియా, పాముకాట్లతో వచ్చే రోగుల వెనక వాళ్లకు ఒకే నేపథ్యం కనిపించింది. అది ఆకలి. బరువు తక్కువ బిడ్డకు మందిచ్చి పంపితే మళ్లీ అదే బిడ్డ అదే బరువుతో వస్తాడు. ఆసుపత్రి చేయగలిగింది ఊళ్లోనే మొదలు కావాలి.

2006 ప్రాంతంలో అడవి అంచు పల్లెల్లో ఫుల్వారీలు తెరిచారు. ఏర్పాటు చాలా సాదా. ఊరివాళ్లు ఇచ్చిన ఒక ఇల్లో, గదో. సుమారు పదిమంది పిల్లలకు ఊరి స్త్రీ ఒకరు, ఆమె పనికి డబ్బు. తల్లి పనికి పోయేటప్పుడు బిడ్డను దింపి, వచ్చేటప్పుడు తీసుకుపోతుంది. పగలు సత్తు పిండి, నూనె వేసిన కిచిడీ, వేళ తప్పకుండా, వేడిగా. చేతులు కడగడం, బరువు తూయడం, జబ్బు చేస్తే వెంటనే కబురు. ఇందులో ఏదీ కొత్తగా కనిపెట్టింది కాదు. ఆహారం, సమయం, చెయ్యి ఈ మూడింటినీ ఒకే చోట కూర్చడమే కొత్త. ఫలితాలు ఒక్క బిడ్డ బరువులోనే ఆగలేదు. తల్లులు వెనక్కి చూడకుండా పనికి పోగలిగారు. అక్కలు బడికి పోయారు. దుర్గాబాయి 1954లో ఊహించిన ఒకే గొడుగు అదే కదా.

2012లో రాష్ట్ర ప్రభుత్వం సర్గుజా ప్రాంతం నుంచి ఫుల్వారీ పథకాన్ని తానే చేపట్టి, తరువాత గిరిజన బ్లాకులకు విస్తరించింది. గ్రామ ఆరోగ్య కార్యకర్తలైన మితానిన్‌లు దానికి వెన్నుదన్ను. నిధులు పంచాయతీ ద్వారా తల్లుల బృందానికి వెళ్లేవి. ఇక్కడ ఒక తేడాను జాగ్రత్తగా గమనించాలి. గనియారీ నమూనాలో పిల్లలను చూసుకునే స్త్రీకి డబ్బు ఇస్తారు. ప్రభుత్వ నమూనాలో తల్లులే వంతులవారీగా వచ్చి ఉచితంగా చూసుకోవాలి. దీనికి సమాజ భాగస్వామ్యం అని పేరు. మాట అందంగా ఉంది, అందులో నిజం కూడా కొంత ఉంది. తల్లులు నడిపిన కేంద్రంలో దొంగతనం ఉండదు, పిల్లల పట్ల ఆపేక్ష ఉంటుంది. కానీ కూలి పోగొట్టుకుని వంతు కాయవలసి వచ్చేది ఊళ్లో అందరికంటే పేద తల్లికే భారం. కలెక్టరు వంతులవారీగా ఉచితంగా కలెక్టరీ చేయడు. ఇంజనీరు వంతులవారీగా వంతెన కట్టడు. పసిబిడ్డల పని దగ్గరకు వచ్చేసరికే రాజ్యానికి సేవాభావం గుర్తుకు వస్తుంది.

రాజ్యం తల్లిని ఎలా చూస్తుందో ఉస్లాపూర్ పక్కనే జరిగిన మరో ఘటన చెబుతుంది. 2014 నవంబర్ 8న, ఇక్కడికి కొద్ది దూరంలోని సకరీ దగ్గర వాడుకలో లేని ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టారు. ఒకే సర్జన్, కొద్ది గంటల్లో 83 మంది స్త్రీలకు శస్త్రచికిత్స చేశాడు. తరువాతి రోజుల్లో 13 మంది మరణించారు. చాలామంది పడుచు తల్లులు. ఇంటి దగ్గర చంటిబిడ్డలున్నవారు. ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ ఘటనను ఇక్కడ తలచుకోవడం వల్ల వ్యాసం దారి తప్పుతోందని అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. ఇక బిడ్డ పుట్టకుండా చూడడానికి 83 మంది స్త్రీలను ఒక్క రోజులో ఒక్క చోటికి చేర్చగల యంత్రాంగం ఆ జిల్లాలో ఉంది. వాహనం ఉంది, ప్రోత్సాహకం ఉంది, లక్ష్యం ఉంది. పుట్టిన బిడ్డను ఎనిమిది గంటలు చూసుకునే యంత్రాంగం మాత్రం లేదు. ఒక ప్రభుత్వపు ప్రాథమ్యాలు తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కొలత నాకు తెలియదు.

నిలకడ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఈ మాటను ఇప్పుడు అందరూ వాడుతున్నారు. మంత్రులు అరికల గురించి, సామల గురించి మాట్లాడుతున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో కోదో అంటే మన అరికలు, కుట్కీ అంటే మన సామలు. 2022 మే డే నాడు అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ బోరే బాసీ, అంటే మన చద్దన్నం, తినమని పిలుపునిచ్చారు. ఆయన ప్రభుత్వమే పెరటి తోటలను 'బాడీ' పేరిట ప్రోత్సహించింది. స్థానిక పంటను పిల్లల పళ్లెంలోకి తేవడం నిజంగా మంచి పని. లారీ తిరగదు, ప్లాస్టిక్ సంచి మిగలదు, రైతుకు గిరాకీ ఉంటుంది. కానీ అరికలు పొట్లంలో ఒదగవు. వాటిని దంచాలి, నానబెట్టాలి, వండాలి. పెరటి కూర ఆ రోజే కోసి ఆ రోజే వండాలి. స్థానిక ఆహారం కావాలంటే స్థానికంగా ఒక పొయ్యి, ఆ పొయ్యి దగ్గర జీతం తీసుకునే ఒక మనిషి ఉండాలి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలు దీన్ని ముందే గ్రహించాయి. తమ చేలల్లో జొన్నలు, కొర్రలు పండించి, తమ బాల్వాడీల్లో పిల్లలకు వాటినే వండిపెట్టాయి. చేను, పొయ్యి, బిడ్డ మూడూ ఒకే సంఘం చేతిలో ఉన్నందువల్లే అది సాధ్యమైంది.

గుడ్డు వివాదమూ ఇలాంటిదే. 2015లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టే ప్రతిపాదనను తోసిపుచ్చింది. 2019లో ఛత్తీస్‌గఢ్ బడి భోజనంలో గుడ్డు చేర్చినప్పుడు కబీర్‌పంథీలు నిరసన తెలిపారు. తల్లిదండ్రుల అభిప్రాయం మేరకు నడుచుకుంటామని ప్రభుత్వం సర్దుబాటు చేసుకుంది. నా దృష్టిలో గుడ్డు బిడ్డకు అవసరం, తిననివారికి మరొకటి ఇవ్వాలి. రెండూ కష్టమైనవి కావు. కష్టమల్లా, పళ్లెం మీద పెద్దల గౌరవాల కోసం జరిగే యుద్ధంలో పళ్లెం ముందు కూర్చున్నవారికి ఓటు లేకపోవడమే.

మరి మన రాష్ట్రాల సంగతి? మనం ఛత్తీస్‌గఢ్‌కు పాఠం చెప్పే స్థితిలో ఉన్నామా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ఆధ్వర్యంలో పోషకాహార, పగటి సంరక్షణ కేంద్రాలు నడిపింది. గర్భిణులు, బాలింతలు, పిల్లలు అక్కడే కూర్చుని తినేవారు. 2013లో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట సంపూర్ణ భోజనం ప్రవేశపెట్టారు. 2015 జనవరి 1న తెలంగాణ దాన్ని ఆరోగ్యలక్ష్మిగా విస్తరించింది. పొట్లం నుంచి పళ్లెం వైపు తల్లుల విషయంలో మనం నడిచాం, అందుకు గర్వపడవచ్చు. మూడేళ్ల లోపు బిడ్డ విషయంలో మాత్రం మన జవాబు ఇప్పటికీ పొట్లమే. ఫలితం? 2015-16 సర్వేలో తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్ల లోపు పిల్లలు 28 శాతం. 2019-21 నాటికి 33.1 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31.4 నుంచి 31.2. అంటే కదలిక లేదు. ఇదే కాలంలో ఛత్తీస్‌గఢ్ 37.6 నుంచి 34.6కు తగ్గింది. తలసరి ఆదాయంలో మనకు ఎంతో వెనక ఉన్న రాష్ట్రం ఇప్పుడు మనకు ఒకటిన్నర శాతం దూరంలో ఉంది. దీనికి ఏ ఒక్క పథకాన్నీ కారణంగా చూపలేం. కానీ సంపద దానంతటదే గోరుముద్ద కాదన్నది మాత్రం స్పష్టం.

ఆ ముద్ద పెట్టే చేతులకు మనం ఇచ్చిన విలువ కూడా గుర్తుచేసుకోవాలి. 2023 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు వేతనం, గ్రాట్యుటీ కోసం సమ్మెకు దిగారు. 2024 జనవరిలో ప్రభుత్వం వారి మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ అన్నది. సమ్మె చేసినప్పుడు అత్యవసర సేవ, జీతం అడిగినప్పుడు గౌరవ వేతనపు స్వచ్ఛంద సేవ. వారికి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తీర్పు చెప్పింది. కేంద్రం వైపు చూస్తే, 2006లో మొదలైన రాజీవ్ గాంధీ జాతీయ క్రెష్ పథకాన్ని 2017లో పేరు మార్చి, ఖర్చులో అధిక భాగం మోసిన కేంద్రం తన వాటాను 60 శాతానికి తగ్గించుకుంది. రాష్ట్రాలు, సంస్థలు మోయలేక వేల కేంద్రాలు మూతపడ్డాయి. ఇప్పుడు 'పాల్నా' పేరిట 17,000 అంగన్‌వాడీలను క్రెష్‌లుగా మార్చాలన్నది లక్ష్యం. దేశంలో ఉన్న అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు. దాన్ని లక్ష్యం అనడం కంటే మచ్చుతునక అనడం నయం.

2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్ల లోపు పిల్లల సంరక్షణను 45వ అధికరణం కింద ఆదేశిక సూత్రంగా మిగిల్చింది. ప్రయత్నించవలసిన పని, చేసి తీరవలసిన పని కాదు. ఈ చరిత్ర అంతటి సారం ఆ ఒక్క విభజన గీతలో ఉంది. దాన్ని చెరపడానికి కొత్త విజ్ఞానం అక్కరలేదు. హైదరాబాద్ పిండి ఉంది, జహీరాబాద్ పొయ్యి ఉంది, గనియారీ పూలతోట ఉంది. కావలసింది ప్రతి పల్లెలో తల్లి పని గంటలంతసేపు తెరిచి ఉండే ఒక గది, పదిమంది పిల్లలకు ఒక మనిషి, ఆ మనిషికి గౌరవ వేతనం కాదు, వేతనం. రాబోయే ఎన్నికల్లో మీ ఊరికి వచ్చే అభ్యర్థి పిల్లలకు ఏం పెడతారో చెబుతాడు. ఎవరు పెడతారు, ఎన్ని గంటలు ఉంటారు, వారికి నెలకు ఎంత ఇస్తారు అని అడగండి. ఉస్లాపూర్‌లో ఆగే రైళ్ల లాగే మన రాజకీయం కూడా ఇంజను మార్చుకునే కష్టం లేని దారే ఎంచుకుంటూ వచ్చింది. మూడేళ్ల లోపు పౌరులు ఇంకా ఆ జంక్షన్‌లోనే ఎదురుచూస్తున్నారు.